అరగంట కుట్టు



కిందటి డిసెంబరులో నాకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినది అయిదో తరగతి చదువుతున్న ఒక పాప. ఉత్తరమంతా ఇక్కడ అచ్చువేస్తే బాగుండదు, అందులో వాళ్ళ ఇంటి కబుర్లు చాలా ఉన్నాయి. అవసరమైన నాలుగు ముక్కలు మాత్రం, పాపనూ వాళ్ళ అమ్మగారినీ అడిగి, మీకు చెబుతున్నాను.

"తాతగారూ, మా అమ్మ బాంకులో పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చి వంట చేసి, ఆ తరువాత పాత గుడ్డలతో చిన్న చిన్న పిట్టలు కుడుతుంది. భలే బాగుంటాయి. సంక్రాంతి సెలవులకు ముందు మా బళ్ళో సంత పెడుతున్నారు. మా అమ్మ 40 పిట్టలు ఇస్తుందని నేనే టీచరుగారితో చెప్పేశాను. ఇంకా నెల రోజులే ఉంది. అమ్మ రోజూ రాత్రి పన్నెండు దాకా కుడుతున్నది. నాకు కథలు చెప్పటం మానేసింది. మొన్న వేలికి సూది గుచ్చుకుంటే, చిన్న దెబ్బే అయినా ఏడ్చింది. ఇప్పుడు పిట్టలు వద్దంటే టీచరుగారు ఏమంటారో! నన్నేం చెయ్యమంటారు?"

మన పత్రిక నెలకు ఒక్కసారి వస్తుంది. ఇందులో జవాబు రాసేసరికి పాప చెప్పిన సంత కాస్తా అయిపోతుంది. అంచేత అదే రోజు పోస్టులో జవాబు రాసి పంపాను. ఆ జవాబులో సలహా ఏమీ లేదు, ఒక లెక్క ఉన్నది, అంతే. నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందు నాకు కాగితమూ పెన్సిలూ కావాలి.

"అమ్మ ఒక పిట్టను కుట్టేటప్పుడు గడియారం పెట్టుకుని చూడు" అని రాశాను. పాప చూసి రాసి పంపింది: గుడ్డ గీసి కత్తిరించటానికి 5 నిమిషాలు, కుట్టటానికి 25, దూది కూరటానికి 10, మూతి కుట్టి కళ్ళు పెట్టటానికి 10. మొత్తం 50 నిమిషాలు. అంటే 40 పిట్టలకు 2000 నిమిషాలు, అనగా 33 గంటల 20 నిమిషాలు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, తన నిద్ర చెడకుండా, రోజుకు ఒక అరగంట కుట్టగలదనుకుందాం. ఎన్ని రోజులు పడుతుంది? 67 రోజులు. ఉన్నవి 30. ఆ 30 అరగంటల్లోనూ అయ్యేవి 18 పిట్టలు.

చూశారా! టీచరుగారి కోపమూ లేదు, అమ్మ బద్ధకమూ లేదు. అక్కడ ఉన్నది భాగహారం. పాప 40 అని నోటికి వచ్చిన అంకె చెప్పింది. అమ్మగారు పాప మాట పోకూడదని నిద్ర మానుకున్నది. ఇద్దరిలో ఎవరూ లెక్క వెయ్యలేదు.

తరువాత రెండో లెక్క. గీయటం, కత్తిరించటం, దూది కూరటం పాప చెయ్యగలదు గదా. ఆ 15 నిమిషాలూ తీసేస్తే, ఒక్కొక్క పిట్టకు అమ్మగారి వంతు 35 నిమిషాలే. 900 నిమిషాలను 35తో భాగిస్తే 25 పిట్టలూ, కాస్త శేషమూ. పాప వంతు రోజుకు 12, 13 నిమిషాలు పడుతుంది. అంట్లు తోమటం వాళ్ళ నాన్నగారి వంతు అని కూడా ఒక గీటు గీసి రాశాను. అది లెక్కలోకి రాదు కాని, రాస్తే తప్పేమిటి? టీచరుగారి దగ్గరికి వెళ్ళి, "నేను లెక్క వెయ్యకుండా చెప్పానండీ, 25 ఇవ్వగలం" అని చెప్పమన్నాను.

ఈ మాట పాపకు అంత ధైర్యంగా ఎట్లా చెప్పానంటారా? నేనూ ఒకసారి ఇట్లాగే లెక్క వెయ్యకుండా మాట ఇచ్చాను. ఆ సంగతి ఇదివరకు ఈ పేజీలో రాయలేదు.

1986లో నేను కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూలులో కొత్తగా చేరిన లెక్కల మేష్టర్ని. మా అద్దె ఇంటి అరుగు మీద ఒక దర్జీ మిషను పెట్టుకుని ఉండేవాడు. అతని మిషను కింద రోజూ రంగురంగుల ముక్కలు కుప్పపడేవి. మా అమ్మ బొంతలు కుట్టేది, చిన్నప్పుడు ఆమె పక్కన కూచుని నేనూ సూది పట్టటం నేర్చాను. ఆ ముక్కలు పారెయ్యబుద్ధి కాక, పక్కింటి చంటివాడికి ఒక ఏనుగు కుట్టి ఇచ్చాను. బొమ్మల్లో ఏనుగు సులువు. కాళ్ళు లావుగా ఉంటాయి గనక తిరగెయ్యటం కష్టం కాదు, తొండం కాస్త వంకర పోయినా ఎవరూ తప్పు పట్టరు. చంటివాడి ఏనుగును చూసి మరొకరు అడిగారు, వాళ్ళ ఏనుగును చూసి ఇంకొకరు. చివరకు బస్తీలో ఒక బొమ్మల దుకాణం ఆయన కబురు చేశాడు: "మేష్టారూ, సంక్రాంతికి 60 ఏనుగులు ఇస్తారా?"

కొత్త సంసారం, చిన్న జీతం. ఇస్తానన్నాను.

డిసెంబరులో అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చాయి. రెండు సెక్షన్లు కలిసి 90 పేపర్లు. నేను భోజనం కాగానే ఏనుగుల ముందు కూచునేవాణ్ణి, పదకొండు గంటలకు పేపర్ల ముందు కూచునేవాణ్ణి. మా ఆవిడ, "పేపర్లు ముందు దిద్దండి, ఏనుగులు ఎక్కడికీ పోవు" అని రెండుసార్లు అన్నది. నేను వినలేదు.

మార్కులు చెప్పిన మర్నాటి నుంచి తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు బడికి రాలేదు. మూడో రోజున పిల్లల్ని అడిగితే, "వాడికి లెక్కల్లో 24 వచ్చాయి గదండీ, వాళ్ళ నాన్న ఇటుకల బట్టీలో పనికి పెట్టాడు" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ కుర్రాడు లెక్కల్లో మొద్దు కాడు. పేపరు తీసి చూశాను. వాడు అదనంగా అడిగి తీసుకున్న కాగితం ఒకటి, దారంతో కట్టినది, మడత పడి లోపలికి పోయి ఉన్నది. అందులో మూడు లెక్కలు ఉన్నాయి. నేను ఆ కాగితం తిప్పనే లేదు! దిద్ది చూస్తే 17 మార్కులు. వాడికి రావలసినవి 41. పాసు మార్కులు 35.

రాత్రంతా దారంతో పని చేసేవాణ్ణి, ఆ ఒక్క దారం ముడి మటుకు నా కంటపడలేదు.

సైకిలెక్కి బట్టీ దగ్గరికి వెళ్ళాను. తండ్రి నన్ను చూడగానే తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు. "తమరు ఇంతదూరం రావటమెందుకు మేష్టారూ, కబురెడితే నేనే వచ్చేవాణ్ణి గదా" అన్నాడు. పేపరు చూపించి, తప్పు నాదని చెప్పాను. ఆయనకు చదువు రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే మావాడు నిజమే చెప్పాడన్నమాట. ఇంకో కాయితం రాశానని ఏడిచాడు, నేనే నమ్మలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. నన్ను కోప్పడితే అంత బాధ ఉండేది కాదు.

కుర్రాడు మర్నాడే బడికి వచ్చాడు. పదో తరగతి పాసయ్యాడు, ఆ తరువాత ఆ ఊరు వదిలి వెళ్ళారు. దుకాణం ఆయనకు 22 ఏనుగులు ఇచ్చి, మిగతావి నావల్ల కాదని చెప్పాను. ఆయన బాగానే విసుక్కున్నాడు. అప్పటినుంచి నాకు ఒక నియమం: బడిపని పూర్తి అయితేనే సూది, అదీ అరగంట. గడియారం మోగితే, కుట్టు సగంలో ఉన్నా సరే, డబ్బాలో పెట్టెయ్యాలి. ఉద్యోగం విరమించిన తరువాత కూడా ఆ అరగంట నాకు అలవాటుగా ఉండిపోయింది. పెట్టె మూత వేసేటప్పుడు, రేపు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసేటట్టు సూదిని గుడ్డలోనే గుచ్చి ఉంచుతాను.

గుడ్డ ఏనుగుకు ఒక పెద్ద చరిత్ర ఉన్నదని నాకు ఆ రోజుల్లో తెలియదు. జర్మనీలో గీంగెన్ అనే ఊళ్ళో 1847లో మార్గరెట్ ష్టైఫ్ అనే అమ్మాయి పుట్టింది. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి కాళ్ళు రెండూ పడిపోయాయి, కుడిచెయ్యి కూడా సరిగా స్వాధీనంలో ఉండేది కాదు. చిన్న బండిలో కూచోబెట్టి పిల్లలు ఆమెను బడికి లాక్కుపోయేవాళ్ళు. ఆ చేతితోనే కుట్టుపని నేర్చుకున్నది. కుట్టుమిషను చక్రం కుడివైపున ఉంటుంది గదా. ఆమె మిషనునే వెనక్కు తిప్పి పెట్టుకుని, చక్రాన్ని ఎడమచేత్తో తిప్పేది! 1877లో ఫెల్టు గుడ్డతో బట్టలు కుట్టి అమ్మే దుకాణం పెట్టింది. అది ఆమె ఉద్యోగం, తిండి పెట్టే పని.

1880లో, ఒక ఫాషను పత్రికలో వచ్చిన నమూనా చూసి, ఫెల్టుతో చిన్న ఏనుగును కుట్టింది. అది ఆటకు కాదు, సూదులు గుచ్చుకునే దిండు. తెలిసినవాళ్ళకు బహుమానంగా ఇచ్చింది. ఆ ఇళ్ళల్లో పిల్లలేం చేశారంటే, సూదులు తీసి పారేసి ఏనుగుతో ఆడుకోసాగారు. అప్పుడు గాని అది బొమ్మ అని ఎవరికీ తట్టలేదు. ఆమె వెంటనే బట్టల పని మానెయ్యలేదు. ఒకపక్క బట్టలు, మరోపక్క ఏనుగులు. 1886 నాటికి ఏనుగులు అయిదు వేలకు పైగా అమ్ముడుపోయాయి. ఆరేళ్ళు పట్టింది చూడండి. 1902లో ఆమె అన్నదమ్ముల పిల్లవాడు రిఖార్డ్, కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుబంటి బొమ్మను తయారుచేశాడు. మీ ఇంట్లో ఉండే టెడ్డీబేరు ఆ జాతిదే. మార్గరెట్ 1909లో చనిపోయింది.

ఆమె ఏనుగుకు ఫెల్టు ఎందుకు కలిసివచ్చిందో కొంచెం శాస్త్రం చెబుతాను. మనం కట్టుకునే నూలుబట్ట నేతబట్ట. పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా, ఒకటి మీద ఒకటి కింద వెళుతూ ఉంటాయి. మధ్యలో కత్తిరిస్తే అంచున ఉన్న దారానికి పట్టు పోయి, పోగులు ఊడి వస్తాయి. ఫెల్టు నేసినది కాదు. గొర్రె ఉన్ని వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే, చేపకు మల్లే పొలుసులు కనిపిస్తాయి. ఉన్నిని వేడినీళ్ళతో, సబ్బుతో తడిపి నలిపితే, ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడి గట్టి గుడ్డ అయిపోతుంది. దాన్ని ఎక్కడ కత్తిరించినా పోగు ఊడదు, అంచు మడవనక్కరలేదు. అరగంటలో పని కావాలంటే అదెంత లాభమో కుట్టినవాళ్ళకు తెలుస్తుంది.

మనకు చేతికి దొరికేది పాత నూలుబట్ట. ఫరవాలేదు, అంచు చుట్టూ పావు అంగుళం వదిలి కుడితే చాలు. ఇంకొక సంగతి. మీ చేతిరుమాలును నిలువుగా లాగి చూడండి, సాగదు. అడ్డంగా లాగండి, సాగదు. ఒక మూలనుంచి ఎదుటి మూలకు లాగండి. సాగుతుంది! ఏటవాలుగా లాగినప్పుడు పడుగూ పేకా కలిసే చదరాలు వంగి, వజ్రాల ఆకారానికి వస్తాయి. అంచేత పిట్టను ఏటవాలుగా కత్తిరిస్తే, దూది కూరిన కొద్దీ దాని పొట్ట ఒక పక్కకు ఉబ్బి, గుమ్మడికాయ అవుతుంది. నేను కుట్టిన మొదటి ఏనుగుకు ఇదే గతి పట్టింది. చంటివాడు దాన్ని "పంది" అన్నాడు.

ఇహ పిట్ట సంగతి. మందపాటి కాగితం మీద నాలుగంగుళాల పొడవున పిట్టను పక్కనుంచి చూసినట్టు గీయండి. తల గుండ్రం, తోక కోసు, కాళ్ళు వద్దు. తోక మరీ సన్నగా గీయకండి, తిరగెయ్యటం రాదు. గుడ్డను మడిచి, మంచివైపు లోపలికి ఉంచి, నమూనాను బట్ట దారాలకు సరిగ్గా నిలువుగా పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయండి. గీత బయట పావు అంగుళం వదిలి కత్తిరించండి. కుట్టు గీత మీదనే పోవాలి. సూది ముందుకు వేసి, మళ్ళీ సగం వెనక్కు వచ్చి పొడిచే కుట్టు వెయ్యండి. ఆలస్యమే గాని, దూది ఒత్తిడికి విచ్చుకోదు. పొట్టకింద అంగుళంన్నర మేర కుట్టకుండా వదలాలి. వంపులు ఉన్నచోట, కుట్టు తెగకుండా, అంచుకు చిన్న చిన్న గాట్లు పెడితే తిరగేసినప్పుడు ముడత పడదు.

దారం ఎంత పొడుగు? వేలినుంచి మోచేతి దాకా. పిల్లలు సూదికి మళ్ళీ దారం ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు దారం తీస్తారు. పొడుగు దారం గుడ్డలోంచి ఎన్నిసార్లు లాగితే అన్నిసార్లు మెలిపడుతుంది, మెలి ముడి అవుతుంది, ముడి విప్పటానికి పట్టే వేళలో మూడుసార్లు దారం ఎక్కించవచ్చు. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద రాస్తే చిక్కు తగ్గుతుంది.

లోపల కూరటానికి బూరుగు దూది దొరికితే మంచిది. పత్తి పోగు ఎండినప్పుడు మెలితిరిగిన రిబ్బనులాగా అవుతుంది. ఆ మెలికలవల్లనే పోగూ పోగూ పట్టుకుని దారం వడకటానికి వీలవుతుంది. బూరుగు పోగు పొట్టిది, నున్ననిది, లోపల డొల్ల. అది ఒకదాన్నొకటి పట్టుకోదు. వడకటానికి పనికిరాదు గాని, దిండుకూ పిట్టకూ తేలికగా, మెత్తగా ఉంటుంది. దొరక్కపోతే గుడ్డపేలికల్ని సన్నగా కత్తిరించి కూరండి. ఏదైనా సరే, చిటికెడు చిటికెడు తీసుకుని, ముందు తోకలోకి, తరువాత తలలోకి, మొద్దు పెన్సిలుతో తోయండి. ఒక్కసారి గుప్పెడు కూరితే పిట్ట గడ్డలు కట్టినట్టు అవుతుంది.

పెద్దవాళ్ళకు ఒక మాట. మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే బొమ్మకు పూసలూ గుండీలూ కళ్ళుగా పెట్టకండి, ఊడితే నోట్లో వేసుకుంటారు, గొంతులో అడ్డం పడవచ్చు. నల్లదారంతో కుట్టిన కళ్ళు చాలు. సూదులు మొదలుపెట్టేముందు లెక్కపెట్టండి, లేచేముందు మళ్ళీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అయస్కాంతం తెచ్చి చాప మీద తిప్పండి. సూది ఉక్కు గనక తగులుకుంటుంది. మా ఇంట్లో కుట్టుడబ్బాలో ఒక అయస్కాంతం ఎప్పుడూ ఉంటుంది. నల్లబట్ట రాత్రిపూట కుట్టకండి. అది ఆదివారం పగటికి ఉంచుకోండి.

పనిని రోజులకు పంచుకోవటం కూడా కొంచెం తెలియాలి. రోజుకొక పిట్టను మొదటినుంచి చివరిదాకా చేస్తే, కత్తెర తియ్యటం, దాచటం, దూది సంచి విప్పటం, కట్టటంతోనే సగం వేళ పోతుంది. ఒక ఆదివారం కూచుని పదింటినీ కత్తిరించి పెట్టుకోవాలి. బాంకుకు వెళ్ళే రోజుల్లో కుట్టు ఒకటే పని. కూరటం పిల్లలది.

సంక్రాంతి వెళ్ళిన తరువాత పాప దగ్గరినుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. టీచరుగారు కోప్పడలేదట, "25 ఎక్కడివమ్మా, నేను పదే అనుకున్నాను" అన్నదట! 25 కూడా కాలేదు. మధ్యలో నాన్నగారికి జ్వరం వచ్చి మూడు రోజులు కుట్టలేదు, 23 అయ్యాయి. 22 సంతలో అమ్ముడుపోయాయి. ఇరవైమూడోది పాప తనంతట తాను కుట్టినది. ముక్కు పక్కకు తిరిగిందట, ఎవరూ కొనలేదు. ఇప్పుడు దాని మీద అమ్మ సూదులు గుచ్చుకుంటున్నది. పదిగంటలకల్లా డబ్బా మూసేస్తున్నదనీ, కథలు మళ్ళీ మొదలయ్యాయనీ రాసింది. చివర ఒక ప్రశ్న కూడా ఉన్నది: "తాతగారూ, నెమలి కుట్టటానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?"

నెమలి నేనెన్నడూ కుట్టలేదు. ఈ ఆదివారం గడియారం పెట్టుకుని కూచుంటాను.